సోడా గేమ్‌లో గోలీ నిలబడిందా?

ముందే చెప్పేస్తున్నా, ఇందులో గెలవడం ఓడిపోవడం ఉండవు. లెవెళ్ళు లేవు, శత్రువులు లేరు, నాణేలు ఏరుకోవడం లేదు. ఒక ఖాళీ బల్ల, దాని మీద సీసాలు, పైపులు, ఒక గ్యాస్ సిలిండర్, థర్మామీటరు, నాలుగైదు రకాల పొడులు, అంతే. మిగతాదంతా మన బుర్ర. ఇలాంటివాటిని శాండ్‌బాక్స్ గేమ్ అంటారట, మనవాళ్ళు ఇసకలో పిచ్చికగూళ్ళు కట్టుకుని మళ్ళీ కాలితో తన్నేసుకున్నట్టన్నమాట. ఇక్కడ ఇసక బదులు సోడా.

నాకు ఇది సంక్రాంతికి దొరికింది. మా చెల్లెలి కొడుకు, ఎనిమిదో క్లాసు, హైదరాబాదు నుంచి వచ్చాడు. కనుమ రోజు మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్తే, గంగలకుర్రు అగ్రహారం ప్రభని, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన దేవుడి చట్రాన్ని, అంతమంది భుజాల మీద పెట్టుకుని కౌశిక కాలువ దాటిస్తుంటే, గట్టు మీద జనం గొంతులు పోయేలా అరుస్తుంటే, వీడు తల ఎత్తకుండా ఫోనులో సీసాలు పేలుస్తూ కూర్చున్నాడు. తిడదామని ఫోను లాక్కున్నాను. లాక్కున్న ఫోను రాత్రి పదకొండింటిదాకా వాడికి తిరిగివ్వలేదు. మర్నాడు నా ఫోనులో కూడా వేసుకున్నాను.

పేరు ఎందుకు రాయట్లేదంటే, ఈ గేమ్‌కి కాస్త పేరు రాగానే ఒక అక్షరం అటూ ఇటూ మార్చి అరడజను నకళ్ళు దిగాయి. మీరు వెతికి వాటిలో ఏదో ఒకటి దించుకుని నన్ను తిడతారు. పైగా కింద నేను పెట్టే తిట్లు కూడా కొన్ని ఉన్నాయి, అవి పేరు లేకుండానే బావుంటాయి.

ఇంకో మాట కూడా ముందే ఒప్పుకోవాలి. నేను మామూలు ఆటగాణ్ణి కాదు, సోడా మిషన్ పక్కన పెరిగినవాణ్ణి. మా మావయ్యకి అంబాజీపేట దగ్గర గోలీ సోడా మిషన్ ఉండేది. వేసవి సెలవులన్నీ అక్కడే, బుడ్లు కడగడం, పెట్టెల్లో సర్దడం, ఎవరూ చూడకుండా ఒకటి తాగెయ్యడం. ప్లాస్టిక్ సీసాల కూల్‌డ్రింకులు ఊరూరా దిగాక ఆయన మిషన్ ఆపేసి కొబ్బరికాయల దింపులో పడ్డాడు. అందుకని ఈ గేమ్ తెరవగానే నాకు తట్టిన ప్రశ్న ఒకటే: ఇందులో గోలీ సోడా తయారవుతుందా? మూడు వారాలు దాని వెనకాలే పడ్డాను. ఈ రివ్యూలో ఎక్కువ భాగం అదే.

ముందు మామూలు సంగతులు. నీళ్ళు చిన్న చిన్న చుక్కలుగా కదులుతాయి, గ్యాసు తెల్లటి చుక్కలు. ప్రతి సీసా పక్కన మూడు ముళ్ళు: ప్రెషర్, వేడి, నీళ్ళలో ఎంత గ్యాసు కరిగింది అనేది. సీసా గాజుదా, ప్లాస్టిక్‌దా, డబ్బానా అన్నది మనమే ఎంచుకోవచ్చు, ఆకారం కూడా వేలితో గీసుకోవచ్చు. ఆడటం తెలియనివాళ్ళకి ముందే కట్టి ఉంచిన అమరికలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి నాకు భలే నచ్చింది. పులుస్తున్న పెద్ద తొట్టి, దాని పైన వేలాడదీసిన నీళ్ళ గిన్నె. తొట్టిలోంచి లేచే గ్యాసు నెమ్మదిగా గిన్నెలో నీళ్ళకి పడుతుంది. ఎక్కడా రాయలేదు గానీ అది 1767లో ఇంగ్లండులో లీడ్స్ ఊళ్ళో జోసెఫ్ ప్రీస్ట్లీ చేసిన పనే. ఆయన ఇంటి పక్కనే బీరు కాచే చోటు ఉండేది, అక్కడి తొట్టి మీద నీళ్ళు పెట్టి సోడా నీళ్ళు తయారుచేశాడు. ఎలా చెయ్యాలో 1772లో చిన్న పుస్తకం కూడా వేశాడు. తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి సరదాగా ఉంటుంది అని వదిలేశారేమో, నాకైతే ఆ పద్ధతి బాగుంది.

వేడి విషయంలో గేమ్‌కి నూటికి నూరు మార్కులు వెయ్యొచ్చు. సిలిండర్ వాల్వు ఒకేలా ఉంచి, ఒక సీసా చుట్టూ ఐసు పెట్టాను, ఇంకోదాన్ని రోహిణి కార్తె ఎండలో పెట్టినట్టు నలభై డిగ్రీలకి తెచ్చాను. ఐసులో ఉన్నదానికి మూడు రెట్లకి పైగా గ్యాసు ఎక్కింది. ఇది నిజమే. మామూలు గాలి ఒత్తిడి దగ్గర లీటరు నీళ్ళు సున్నా డిగ్రీల్లో సుమారు 3.3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి ఉంచుతాయి, 25 డిగ్రీల్లో దాదాపు 1.5, నలభైకి వచ్చేసరికి ఒక గ్రామే. మా మావయ్య తెల్లవారుజామున నాలుగింటికి మిషన్ ఎందుకు తిప్పేవాడో, మిట్టమధ్యాహ్నం అర్జంటుగా రెండు పెట్టెలు కావాలని పెళ్ళివారు వస్తే ఎందుకు విసుక్కునేవాడో నాకు ఈ ముల్లు చూశాక అర్థమైంది. "ఎండెక్కితే నీళ్ళు గ్యాసు తినవురా" అనేవాడు. ప్రెషర్ పెరిగేకొద్దీ నీళ్ళలో కరిగే గ్యాసూ పెరుగుతుంది, ఎంత అన్నది వేడిని బట్టి మారుతుంది, ఇదే హెన్రీ సూత్రం. ఆయనకి హెన్రీ సూత్రం తెలీదు, హెన్రీకి మా ఊరి మే నెల తెలీదు.

ఊపడం. సీసాని వేలితో పట్టుకుని గిలక్కొట్టి మూత తీస్తే స్క్రీన్ అంతా నురగే. ఇది చెయ్యని గేమ్ ఉండదు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. గిలక్కొట్టినప్పుడు ప్రెషర్ ముల్లు దాదాపు కదలదు. చాలామంది ఊపితే లోపల ప్రెషర్ పెరుగుతుంది, అందుకే పొంగుతుంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అసలు సంగతేంటంటే ఊపినప్పుడు పైన ఉన్న గ్యాసు సన్నటి బుడగలై నీళ్ళంతటా పరుచుకుంటుంది. మూత తీసిన క్షణాన కరిగి ఉన్న గ్యాసుకి ఆ బుడగలే ఆసరా, అవన్నీ ఒక్కసారి ఉబ్బి పైకొస్తూ నీళ్ళని కూడా తోసుకొస్తాయి. ఊపాక ఒక నిమిషం ఆగి తీస్తే గేమ్‌లో కూడా పొంగు తగ్గింది. డబ్బా నెత్తి మీద గోటితో టకటకా కొట్టి తెరిస్తే పొంగదని ఒక నమ్మకం ఉంది కదా, అది కూడా చూశాను. కొట్టడానికి ప్రత్యేకంగా ఒక వేలు బొమ్మే పెట్టారు, అంటే చేసినవాళ్ళకి ఈ గోల తెలుసు. ఇరవై డబ్బాలు కొట్టాను, తేడా లేదు. డెన్మార్క్‌లో పరిశోధకులు వెయ్యికి పైగా బీరు డబ్బాలతో ఇదే పని చేసి, కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదని తేల్చారు. ఆ తర్వాత ఆ వెయ్యి డబ్బాలూ ఏం చేశారన్నది మీ ఊహకే వదిలేస్తున్నా.

ఇక ఉప్పు. నిమ్మసోడా బండివాణ్ణి ఎప్పుడైనా గమనించండి. గ్లాసులో ముందు నిమ్మకాయ పిండుతాడు, ఉప్పు వేసి గిలక్కొడతాడు, ఆ తర్వాతే సోడా పోస్తాడు, అదీ గ్లాసు వంచి, కొంచెం కొంచెంగా. పనిలో కొత్తగా చేరిన కుర్రాడు గ్లాసు నిండా సోడా పోసి పైన చిటికెడు ఉప్పు వేశాడంటే సగం గ్లాసు రోడ్డు పాలే. గేమ్‌లో రెండు పద్ధతులూ చేసి చూశాను, అచ్చం అలాగే జరిగింది. ఉప్పు ముందే కరిగిపోయి ఉంటే చిన్న నురగ, పలుకులుగా పైనుంచి వేస్తే బుస్సు. ఉప్పు బదులు పంచదార, ఇసక వేసినా పొంగింది. ఇదేదో రసాయన చర్య అనుకునేవాళ్ళకి ఇసక ప్రయోగం చూపిస్తే చాలు. నీళ్ళలో ఉన్న గ్యాసు బయటికి రావాలంటే బుడగ పుట్టడానికి ఒక చోటు కావాలి, గరుకుగా ఉన్న ప్రతి పలుకూ ఒక చోటే.

యూట్యూబులో అందరూ చేసే మెంటోస్, డైట్ కోక్ ఫౌంటెన్ కూడా ఇదే లెక్క. గేమ్‌లో పిప్పరమెంటు బిళ్ళ అని ఉంటుంది. దీన్ని అమెరికాలో టోన్యా కాఫీ అనే ఫిజిక్స్ అధ్యాపకురాలు విద్యార్థులతో కలిసి పద్ధతిగా కొలిచి 2008లో అచ్చువేసింది. బిళ్ళ గరుకుతనం ఒకటి, అది ఎంత తొందరగా అడుగుకి దిగుతుందనేది ఇంకోటి. బిళ్ళని పొడి చేసి వేస్తే పొంగు చిన్నదైపోతుంది. గరుకు ఎక్కువయ్యాక పొంగు కూడా పెరగాలి కదా అనుకుంటాం, కానీ పొడి నెమ్మదిగా దిగుతుంది, అడుగున పుట్టిన బుడగ పైకొచ్చేదాకా దారి పొడవునా ఉబ్బుతూ వస్తుంది చూడండి, ఆ దారి దానికి దొరకదు. నేను గేమ్‌లో బిళ్ళ వేశాను, స్క్రీన్ పై అంచు దాటి పోయింది. అదే బరువు పొడి వేశాను, సీసా మూతి దగ్గర గుడగుడలాడి ఊరుకుంది. ఈ ఒక్క చోట నేను కుర్చీలోంచి లేచాను. పొంగు చూసి కాదు, ఎవరో కూర్చుని ఇంత ఓపిగ్గా లెక్క కట్టారే అని.

ఇప్పుడు అసలు కథ.

గోలీ సోడా బుడ్డి మీ అందరికీ తెలిసిందే, కానీ గీయమంటే ఎంతమంది సరిగ్గా గీస్తారో చూడాలి. మెడ దగ్గర నొక్కినట్టు సన్నబడి ఒక పక్కన లోపలికి రెండు గుంటలు, వాటి పైన గోలీ తిరిగే గది, మూతి లోపల ఒక గాడి, గాడిలో రబ్బరు వాషరు. గోలీ వెళ్ళి వాషరుకి అతుక్కుంటే మూత. వేరే మూతే అక్కర్లేదు, లోపలి గ్యాసే గోలీని పట్టుకుంటుంది. దీన్ని హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు కనిపెట్టాడు, 1872లో పేటెంటు. వాళ్ళ దేశంలో ఎప్పుడో మానేశారు. జపానువాళ్ళు రామునే అనే పానీయానికీ, మనవాళ్ళు సోడాకీ ఇప్పటికీ వాడుతున్నారు.

నేను గీశాను. గాజు ఎంచుకుని మెడ గుంటలు పెట్టాను, రబ్బరు రింగు గాడిలో దూర్చాను, గోలీ లోపల వేశాను, నీళ్ళు ముప్పాతిక పోశాను. పైనుంచి పైపు పెట్టి గ్యాసు వదిలాను. ముళ్ళన్నీ పైకి లేచాయి. పైపు తీశాను. తుస్.

గోలీ మెడ గుంటల మీద కూర్చునే ఉంది, అది పైకి లేచి వాషరుని ముట్టుకునేలోపు గ్యాసంతా పోయింది. సరే, పైపు ఇంకా తొందరగా లాగాను, మళ్ళీ తుస్. గోలీ బరువు తగ్గించాను, ఈ గేమ్‌లో ఏ వస్తువు సాంద్రతైనా మార్చుకోవచ్చు. చెక్క గోలీ చేస్తే నీళ్ళ మీద తేలింది, కానీ నీళ్ళు మూతిదాకా లేవు కాబట్టి అందలేదు. నీళ్ళు మూతిదాకా పోస్తే గోలీ అందింది, అయితే గ్యాసు ఎక్కడానికి చోటు లేదు. ఒకసారి ఎలాగో అతుక్కుంది, పది సెకన్లు ఆగి వాషరు పక్కనుంచి సన్నగా కారిపోయింది. కింద నుంచి దారంతో లాగడం, స్ప్రింగు పెట్టడం, చెప్పుకుంటే సిగ్గు, అయస్కాంతం కూడా ప్రయత్నించాను. పద్ధెనిమిది సార్లు. బుడ్లు కడిగిన చేతులు ఇవే, ఆ పక్కనే తిరిగిన మిషన్ మాత్రం ఎప్పుడూ సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది.

ఆదివారం మావయ్య ఇంటికొచ్చాడు. భోజనం అయ్యాక అరుగు మీద కూర్చుని నేను ఇదే పని. ఆయన కాసేపు భుజం మీదుగా చూశాడు.

"ఏం చేస్తున్నావురా అల్లుడూ?"

"సోడా కొడుతున్నాను మావయ్యా, గోలీ నిలబడట్లేదు."

"బుడ్డి ఎవడన్నా నిలబెట్టి కొడతాడేంట్రా? తిరగెయ్యి."

అంతే ఆయన చెప్పింది. చెప్పి చుట్ట కోసం జేబు తడుముకున్నాడు. నేను బుడ్డిని తలకిందులు చేశాను. గోలీ దాని బరువుకి అదే జారి వాషరు మీద కూర్చుంది. కింద మూతికి పైపు పెట్టి గ్యాసు వదిలితే, ఆ తోపుకి గోలీ కొంచెం పైకి లేచి దారిచ్చింది, గ్యాసు నీళ్ళలోంచి పైకి బుడబుడమని వెళ్ళింది. వాల్వు కట్టగానే గోలీ టక్కున మళ్ళీ కూర్చుంది. పైన నీళ్ళ బరువు, లోపల గ్యాసు, రెండూ దాన్నే నొక్కుతున్నాయి. పైపు తీశాను. తుస్ అనలేదు. మెల్లగా బుడ్డిని నిలబెట్టాను. గోలీ కదల్లేదు.

నేను అరిచిన అరుపుకి లోపల్నుంచి మా అమ్మ పరిగెత్తుకొచ్చింది.

మావయ్య మాత్రం ముల్లు చూసి పెదవి విరిచాడు, "గ్యాసు సరిగ్గా ఎక్కలేదు, తిప్పలేదుగా" అన్నాడు. సోడా మిషన్‌లో బుడ్డిని చట్రంలో బిగించి చక్రంతో గిరగిరా తిప్పేది అందుకేనట, ఊరికే గ్యాసు పెడితే పైన నిలబడుతుంది, తిప్పితేనే నీళ్ళతో కలుస్తుంది. గేమ్‌లో మోటారు ఉంది. బుడ్డిని ఒక ఇరుసుకి కట్టి తిప్పాను. తిప్పకుండా ఎక్కడానికి పావుగంట పట్టిన గ్యాసు అర నిమిషంలో ఎక్కింది. తర్వాత పుల్లతో గోలీని నొక్కితే కీచుమని శబ్దం కూడా వచ్చింది, గోలీ మెడ గుంటల్లో పడింది, గుంటలు కిందికి ఉండేలా వంచి పోస్తే గోలీ ఆగింది, పైకి ఉండేలా వంచితే దొర్లి మూతికి అడ్డం పడింది. చిన్నప్పుడు ఆ వాటం తెలియక చొక్కా తడుపుకోనివాడు ఎవడున్నాడు. ఇదేమీ గోలీ సోడా కోసం తయారుచేసిన గేమ్ కాదు, ఆ మాటే అందులో లేదు, అయినా ఒత్తిడి, బరువు, రబ్బరు ఈ మూడూ సరిగ్గా రాసుకున్నారు కాబట్టి నూట యాభై ఏళ్ళ నాటి బుడ్డి దానంతటది పనిచేసింది. దీనికి నేను సలాం కొడతాను.

మెచ్చుకోవడం అయింది, ఇక తిట్లు.

ఈ గేమ్ చేసినవాళ్ళకి గ్యాసు బయటికి వదలడం మీద ఉన్న సరదా, లోపల ఆపడం మీద లేదు. పేలితే స్లో మోషన్, పేలితే స్క్రీన్ అదురుతుంది, ఎంత ఎత్తుకి పోయిందో అంకె వస్తుంది. గోలీ నిలబడితే ఏమీ రాదు. ఒక చిన్న గంట కూడా మోగదు. నాకు పిల్లల గేమ్‌లో బహుమానాలు కావాలని కాదు, కానీ సోడా పని అంటేనే ఆపడం. పేల్చడానికి పనివాడెందుకు, ఎండలో వదిలేస్తే అదే పేలుతుంది.

అన్నిటికంటే పెద్ద లోపం గాజు. ఇందులో గాజు సీసా ఒక లెక్క దగ్గర పగులుతుంది, ఎన్నిసార్లు చేసినా అదే లెక్క. నిజంగా అలా ఉండదు కదండి. బుడ్డికి వయసుంటుంది. వందలసార్లు పెట్టెలో పక్క బుడ్డికి కొట్టుకుని, కడిగి, మళ్ళీ నింపి, ఒంటి నిండా గీతలు పడతాయి, ఆ గీత దగ్గరే ఒక రోజు పోతుంది, అదీ నిన్న తట్టుకున్న ప్రెషర్ దగ్గరే. మావయ్య కొట్టబోయే ముందు ప్రతి బుడ్డీ వెలుతురుకి పెట్టి చూసేవాడు, మిషన్‌కి ఇనప జల్లెడ తలుపు ఉండేది, పైన తడి గోనె కప్పేవాడు. అయినా ఆయన కుడి మోచేతి కింద ఇప్పటికీ గాజు తెగిన మచ్చ ఉంది. ఊళ్ళో గొడవలైతే రాళ్ళ కంటే ముందు సోడా బుడ్లు ఎందుకు లేచేవో తెలిసినవాడికి ఈ గేమ్‌లో గాజు ముక్కలు నీళ్ళలో ఆకుల్లా తేలిపోవడం చూస్తే నవ్వొస్తుంది. వాషరూ అంతే, ఎన్ని వేలసార్లు నొక్కినా కొత్తదే. రబ్బరు గట్టిపడదు, పగలదు. అది ఉంటే ఈ గేమ్ ఆడే తీరే మారిపోయేది, నా మట్టుకు నాకు.

గోలీ నిలబెట్టిన మూడో రోజు అప్‌డేట్ వచ్చింది. వేసుకున్నాను. నా బుడ్డి పోయింది. దాచుకున్న అమరికలన్నీ ఉన్నాయి, అదొక్కటే తెరిస్తే ఖాళీ బల్ల. గీసిన సీసాల్లో గుంటలు ఉంటే కొత్త వెర్షన్‌లో చదవలేకపోతోందట, నాలాంటి బాధితులు రేటింగుల కింద ఇంకో ఇద్దరు ముగ్గురు రాశారు. వాళ్ళకి రాశాను, "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది. నేను అభిప్రాయం చెప్పలేదు బాబూ, నా బుడ్డి అడిగాను. మళ్ళీ గీసుకున్నాను, ఈసారి అరగంటలో అయిపోయింది, అది వేరే సంగతి. మీరు మాత్రం కష్టపడి కట్టింది ఏదైనా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అప్‌డేట్ వేసుకోకండి.

నాది పదమూడు వేల ఫోను. నాలుగు సీసాలవరకు హాయిగా నడుస్తుంది. ఐదో సీసా పెట్టి అన్నీ ఒకేసారి పొంగిస్తే చుక్కలు చుక్కలుగా ఆగి ఆగి కదులుతుంది, ఫోను వెనక వేలు పెట్టలేం. మే నెలలో కరెంటు పోయిన రాత్రి మాత్రం ఇది ఆడకండి, చెయ్యి కాలుతుంది, చార్జింగూ పోతుంది. నెట్ లేకుండా ఆడొచ్చు, అది మంచి విషయం, గోదావరి లంకల్లోకి వెళ్ళేటప్పుడు పంటు పడవ మీద కూడా ఆడాను. తెలుగు లేదు. కానీ అన్నిటికీ బొమ్మలే కాబట్టి ఎనిమిదేళ్ళ పిల్లలకి కూడా ఇబ్బంది ఉండదు, అంకెలు చదవగలిగితే చాలు.

రుచి గురించి ఒక మాట. తయారుచేసిన పానీయానికి పక్కన తీపి, పులుపు చూపించే చిన్న పట్టీ ఉంటుంది, పీహెచ్ అంకె (అది తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువ) కూడా వస్తుంది. మంచినీళ్ళు ఏడు దగ్గర మొదలై, గ్యాసు ఎక్కుతున్నకొద్దీ నాలుగు దాకా దిగింది. ఇది సరైన లెక్కే, ఎందుకంటే గ్యాసులో కొంత నీళ్ళతో కలిసి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది, సోడా తాగితే నాలుకని గిల్లేది చాలావరకు అదే, బుడగ పగలడం కాదు. కానీ ఉప్పు వేస్తే రుచి పట్టీ కదల్లేదు! ఉప్పు పొంగిస్తుందని తెలిసినవాళ్ళకి అది ఉప్పగా ఉంటుందని తెలీదా? మన నిమ్మసోడా ఎప్పుడూ తాగి ఉండరు పాపం. రంగులు మాత్రం బోలెడు. నేను ఊదారంగు, తీపి కాస్త ఎక్కువ, గ్యాసు మధ్యస్తంగా పెట్టి ఒకటి చేసి ఆర్టోస్ అని పేరు పెట్టుకున్నాను. రామచంద్రపురంలో 1919 నుంచి ఉన్న డ్రింకు అది, మా వైపు పెళ్ళిళ్ళలో పిల్లలందరం పెదాలు ఊదారంగు చేసుకుని తిరిగేవాళ్ళం. మా మేనల్లుడు అది చూసి "ఇదేం కలర్ మావయ్యా, దగ్గు మందులా ఉంది" అన్నాడు. వచ్చే సంక్రాంతికి వాడికి ముందు అదే తాగిస్తాను.

డబ్బుల విషయం. ఉచితంగా దించుకోవచ్చు, ప్రతి ఏడెనిమిది నిమిషాలకీ ఒక యాడ్. కొన్ని పనిముట్లు, ఉదాహరణకి మోటారు, ఐసు ముక్కలు, ఒక యాడ్ చూస్తే ఆ రోజుకి తెరుచుకుంటాయి. యాడ్‌లు వద్దంటే ఒకసారి కట్టాలి, మా దగ్గర రెండు ప్లేట్ల బిర్యానీ ఖర్చు. నేను కట్టలేదు, అప్‌డేట్ దెబ్బ తగిలాక కట్టబుద్ధి కాలేదు. బుడ్డి తిరిగి తెప్పిస్తే కడతాను, ఆ మాట కూడా వాళ్ళకి రాశాను.

స్కూళ్ళలో సైన్సు చెప్పేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, హెన్రీ సూత్రం బోర్డు మీద రాసే ముందు ఐసు సీసా, ఎండ సీసా ఒకసారి పక్కపక్కన చూపించండి, రెండు నిమిషాల పని. గెలుపు ఓటమి కావాలనుకునేవాళ్ళు దీని జోలికి రాకండి, పది నిమిషాల్లో విసుగొస్తుంది. పేల్చడమే కావాలంటే గంట బాగా గడుస్తుంది, ఆ తర్వాత అన్ని పేలుళ్ళూ ఒకేలా ఉంటాయి. ఏదో ఒకటి కట్టి నిలబెట్టాలన్న పంతం ఉన్నవాళ్ళకి మాత్రం నెల రోజులు సరిపోతుంది. ఐదుకి మూడున్నర ఇస్తున్నా. వాషరు అరిగేలా చేస్తే నాలుగున్నర.

మావయ్య ఐదుకి ఎంత ఇస్తాడో అడిగాను. "వీళ్ళు బుడ్డి కడగడం పెట్టలేదు, సగం పని అదే" అన్నాడు. అలా అన్నాడు గానీ ఇప్పుడు ఆదివారం వస్తే భోజనం అవ్వగానే "ఏదిరా ఆ ఫోను" అంటున్నాడు. ఒకేసారి ఆరు బుడ్లు తిరిగే చట్రం కడుతున్నాడు, ఆయన మిషన్ అలాగే ఉండేదట. మోటారు కోసం యాడ్ చూడాలి కదా, దాన్ని మొదటి నుంచి చివరిదాకా, చీరల షాపుదైనా లోన్ యాప్‌దైనా, శ్రద్ధగా కూర్చుని చూస్తున్నాడు. మూలన ఉన్న చిన్న ఇంటూ గుర్తు నొక్కొచ్చని నేనింకా చెప్పలేదు.